ప్లాటర్ గదిలో మిగిలిన ఫంక్షన్

నలభై ఇనప ప్లేట్లు ఎందుకూ పనికిరాకుండా పోవడానికి కారణం నేనేనని చెప్పే ఉత్తరం ఒకటి జంషెడ్‌పూర్‌లో ఒక ఆఫీసు ఫైల్లో ఉంది. రాసింది నేనే. చేతిరాత బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆ ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు. అందులో లేనివి మాత్రం కొన్ని ఉన్నాయి.

సాక్చీలో బ్యాటరీల దుకాణం పైన, రెండో అంతస్తులో మా డ్రాయింగ్ ఆఫీసు. కార్ఖానాలకి షెడ్లు, మెట్లు, కన్వేయర్ బెల్టు పోయే వంతెనలు, వీటికి డ్రాయింగులు గీసే పని. ఏ దూలం ఎంత పొడవు, ఏ ప్లేటుకి ఎన్ని కన్నాలు, ఏ కన్నంలో ఏ బోల్టు, అన్నీ మేం గీస్తేనే బయట ఎవరైనా కోస్తారు, కన్నాలు వేస్తారు. నేను బీఎస్సీ లెక్కలు చదివాను. ఆ చదువుకి ఈ ఊళ్లో ఉన్న గిరాకీ తెలిసొచ్చాక డ్రాఫ్టింగ్ కోర్సు చేశాను.

ఆ ఆఫీసులో నన్ను పెట్టించింది మావయ్య. చుట్టం కాదు. మా నాన్నా ఆయనా టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఒకే వరండాలో పెరిగారు. ఆఫీసులో అందరికన్నా సీనియర్ ఆయనే. మేం గీసిన ప్రతి డ్రాయింగూ ఆయన చూసి సంతకం పెట్టాకే బయటికి పోవాలి. మౌస్ ముట్టుకోవడం ఆయనకి చిన్నతనం. రెండు వేళ్లతో కీబోర్డు మీద కొట్టుకుంటూ పోయేవాడు, మేం పది వేళ్లతో వెనక పరిగెత్తేవాళ్లం.

ఆయన గొప్పంతా లిస్ప్‌లో ఉంది. మా డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కడుపులో ఆ పేరు గల పాత భాష ఒకటి ఉంటుంది. రోజూ గీసే వాటికి దాంట్లో చిన్న చిన్న ఫంక్షన్లు రాసి పెట్టుకుంటే, ఒక పేరూ నాలుగు కొలతలూ కొట్టగానే బొమ్మ అదే గీసుకుంటుంది. ఆ భాషలో ఏం రాసినా బ్రాకెట్లో పెట్టాలి. బ్రాకెట్లో బ్రాకెట్, దాంట్లో ఇంకో బ్రాకెట్. చివరికొచ్చేసరికి మూసే బ్రాకెట్లు ఏడెనిమిది, పెళ్లి భోజనాల గుమ్మం దగ్గర చెప్పుల్లా పడి ఉంటాయి. ఏది ఎవరిదో విప్పినవాడికే తెలియాలి. ఇరవై ఏళ్లుగా విప్పుతున్నది మావయ్య.

చేరిన కొత్తలో నేను రాసిన ప్రతి ముక్కకీ మిషను ఒకటే సమాధానం చెప్పేది: టూ ఫ్యూ ఆర్గ్యుమెంట్స్. ఫంక్షన్‌కి మనం అందించే కొలతల్ని ఆర్గ్యుమెంట్లు అంటారు. నాలుగు అడిగే ఫంక్షన్‌కి మూడిస్తే ఆ మాట అంటుంది. హడిలిపోయి ఐదిస్తే టూ మెనీ ఆర్గ్యుమెంట్స్ అంటుంది. నాలుగే ఇచ్చి, అంకె ఇవ్వాల్సిన చోట అక్షరం ఇస్తే బ్యాడ్ ఆర్గ్యుమెంట్ టైప్. నేను ఒకే పొద్దున మూడూ అనిపించుకున్న రోజులున్నాయి.

మావయ్య వెనక నిలబడి రెండే ప్రశ్నలు వేసేవాడు.

"ఎన్నడిగింది?"

"నాలుగు."

"నువ్వెన్నిచ్చేవు?"

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టేవాణ్ణి. లెక్కల్లో పట్టా ఉన్నవాడు వేళ్లు మడవడం చూసి పక్క సీటు బెంగాలీ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.

"తిట్లకి భయపడకురా," అనేవాడు మావయ్య. "తిట్టినోడు మంచోడు. తిట్టకుండా ఊరుకున్నప్పుడు సూస్కో. టేసన్లో టిక్కెట్టు కొంతావు. టాటానగర్, ఇజీనారం అన్నావనుకో, ఆడు ఇక్కణ్ణించి ఇజీనారానికి ఇత్తాడు. తిప్పి ఇజీనారం, టాటానగర్ అన్నావనుకో?"

"అక్కణ్ణించి ఇక్కడికి ఇస్తాడు."

"ఏటీ అనడా?"

"క్యోం బోలేగా? రెండూ ఊళ్లే కదా."

"తెలుగులో ఏడవరా. అదీ సంగతి. ఒక్క ఊరే సెప్తే అరుత్తాడు. మూడూళ్లు సెప్పినా అరుత్తాడు. ఊరు సెప్పాల్సిన కాడ మీ నాన్న పేరు సెప్పినా అరుత్తాడు. రెండూళ్లు తిరగేసి సెప్తే మాత్రం నవ్వుతా టిక్కెట్టిచ్చి పంపిత్తాడు. ఈ మిషనూ అంతే."

నా మటుకు నాకు ఇంజనీరింగ్ అంటే ఆ మధ్యాహ్నం మొదలైంది.

ఆయన ఫంక్షన్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. పొద్దున్న ఎవరు సాఫ్ట్‌వేర్ తెరిచినా ఆ ఫైలు వాళ్ల కంప్యూటర్లోకి ఎక్కేది. చదువుకోవడానికి అందరికీ హక్కుంది, మార్చడానికి ఆయనొక్కడికే. పాస్‌వర్డు ఆయన తలలో ఉండేది. అందులో నేను ఎక్కువగా వాడేది ప్లేటుకి కన్నాలు వేసే ఫంక్షన్. అది నాలుగు అడుగుతుంది: మొదలుపెట్టే చోటు, కన్నం సైజు, అడ్డ దూరం, నిలువు దూరం. దాన్ని వాడుకుంటూ నేనూ ఒక చిన్న కమాండు రాసుకున్నాను. అడ్డం ఎంత, నిలువు ఎంత అని అడిగి, ఆ అంకెలు ఆయన ఫంక్షన్‌కి అదే వరసలో అందిస్తుంది. ఒక ప్లేటు గీసి, ఎన్ని కావాలంటే అన్ని కాపీలు పెడుతుంది. ఆరేళ్లు వాడాను. ఒక్కసారి కూడా తిట్టలేదు. అంటే మంచిదనుకున్నాను. టిక్కెట్టు పాఠం విన్నవాడినే.

వానలు మొదలైన వారంలో సైటు నుంచి ఫోనొచ్చింది. కన్వేయర్ వంతెన కాళ్ల దగ్గర బిగించాల్సిన ప్లేట్లలో బోల్టులు దిగడం లేదట. ముందు ఆచారం ప్రకారం సుత్తితో కొట్టారు. పెద్ద సుత్తితో కొట్టారు. ఆ తర్వాతే ఎవరికో టేపు పెట్టి కొలవాలని తోచింది. అడ్డం నూట ఇరవై ఉండాల్సిన చోట వంద ఉంది, నిలువు వంద ఉండాల్సిన చోట నూట ఇరవై ఉంది. నలభై ప్లేట్లూ అంతే. మిల్లీమీటర్లలో ఇరవై తేడా కంటికి ఆనదు. బోల్టుకి ఆనుతుంది.

డ్రాయింగు తీసి చూశాం. అందులోనే అడ్డం వంద, నిలువు నూట ఇరవై అని ఉంది. కింద గళ్లలో గీసినవాడు నేను, సరిచూసినవాడు మావయ్య.

"రెండు కొలతలూ ఉన్నాయి, సూసి సంతకం పెట్టేను," అన్నాడు మావయ్య. "ఏది ఎటో కళ్లకి ఆనలేదు."

ఆయనకి యాభై తొమ్మిది. కళ్ల సంగతి ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నావైపు చూశారు, నా కళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి.

మా ఆఫీసుకి పనిచ్చేది ఒకే ఒక్క కంపెనీ. వాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది. అందులో పేరున్నవాడు గీసి, పేరున్నవాడు సరిచూసిన డ్రాయింగునే ఒప్పుకుంటారు. ఇలాంటిది జరిగితే ఎవరో ఒకరు తప్పు నాదని రాసివ్వాలి. రాసిచ్చినవాడి పేరు జాబితాలోంచి తీసేస్తారు. పేరు పోయినవాడికి మా ఆఫీసులో చేయడానికి టీ తాగడం తప్ప పనేమీ ఉండదు. ఆ టీ కూడా ఎక్కువ రోజులు పోయరు. కంపెనీ ఇంజనీరు గురువారం వస్తాడని, ఆలోగా ఏం జరిగిందో తేల్చమని మా యజమాని చెప్పాడు. అప్పటికి సోమవారం.

మర్నాడు పొద్దున్నే నా కమాండు నడిపాను. అడ్డం నూట ఇరవై, నిలువు వంద అని కొట్టాను. కరెక్టుగా గీసింది. మళ్లీ నడిపాను. కరెక్టే. మధ్యాహ్నానికి ఎన్ని ప్లేట్లు గీశానో తెలియదు, అన్నీ ఆ సైటులో చక్కగా బిగిసేవే. బ్రాకెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఆర్గ్యుమెంట్లు కావాలని మూడిచ్చాను. టూ ఫ్యూ అంది. ఐదిచ్చాను. టూ మెనీ అంది. ఇంత పద్ధతైన ఫంక్షన్ ఊళ్లో ఇంకోటి ఉండదు. తప్పు దొరక్కపోతే వెతకొచ్చు. తప్పే జరగనంటే ఏం చేస్తాం?

"అంకెలు నువ్వే తిరగేసి కొట్టుంటావు," అన్నాడు యజమాని. "ఏక్ బార్ గలత్, చాలీస్ బార్ కాపీ." ఒకసారి తప్పు, నలభై సార్లు నకలు. వాదించడానికి లేదు, నా కమాండు చేసేది సరిగ్గా అదే.

మావయ్య నా బల్ల దగ్గరికి టీ తెచ్చి పెట్టాడు. ఆరేళ్లలో ఆయన నాకు టీ తేవడం అదే మొదలు.

"సెయ్యి జారుంటాదిరా," అన్నాడు. "నాకు జారలేదేటి ఎన్నిసార్లు?"

ఆయన జారిందంటే జారే ఉంటుందనుకున్నాను. ఆ రోజు ఆ డ్రాయింగు గీస్తూ నేనేం తిన్నానో, ఎవరితో మాట్లాడానో, ఎక్కడ ధ్యాస పోయిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. సాయంత్రానికి చెయ్యి జారడం నాకు దాదాపు గుర్తొచ్చేసింది.

బుధవారం పొద్దున్న ఒక సంగతి కంటపడింది. మావయ్య ఫైలు ఆఖరుసారి ఎప్పుడు మారిందో కంప్యూటర్ పక్కనే రాసి ఉంటుంది. సోమవారం మధ్యాహ్నం. సైటు నుంచి ఫోనొచ్చిన గంటన్నరకి.

"మావయ్యా, ఫైల్లో ఏమైనా మార్చారా సోమవారం?"

"నేనా?" అన్నాడు. తర్వాత, "ఆ, సైటుకి కొలతలు సూద్దామని తెరిసేను. ఊరికే మూసేటప్పుడు సేవ్ కొట్టుంటాను. ఏటి?"

"ఏం లేదు."

ఏం లేదనే అనుకున్నాను. నిజంగానే.

ఆ మధ్యాహ్నం, గురువారం మీటింగుకి ఆ డ్రాయింగు పెద్ద కాగితం మీద ప్రింటు తీయమన్నారు. పెద్ద ప్రింట్లు తీసే మిషన్ని ప్లాటర్ అంటారు. దానికి ఒక గది, దానికోసం ఒక కంప్యూటర్. ఆ కంప్యూటర్ని ఎవరూ ఆపరు, అందులో సాఫ్ట్‌వేర్ కూడా మూయరు. ప్లాటర్ పాతది. ఒకసారి ఆపి తెరిస్తే కంప్యూటర్‌తో మాట్లాడనని భీష్మించుకుంటుంది, మళ్లీ రాజీ కుదర్చడానికి పూటంతా పడుతుంది. అందుకని నెలల తరబడి అలా వెలుగుతూనే ఉంటుంది. ఆఖరుసారి ఆగింది మూడు వారాల కిందట, యూపీఎస్ బ్యాటరీ మార్చినప్పుడు. సరిగ్గా నేను ఆ ప్లేట్లు గీసిన వారం.

అప్పుడు నాకు ఇదేమీ తట్టలేదు. ప్లాటర్ వేడెక్కేదాకా చేతులూరుకోక నా కమాండు అక్కడ కొట్టాను. అడ్డం నూట ఇరవై, నిలువు వంద.

తిరగబడి వచ్చింది.

మళ్లీ కొట్టాను. ఈసారి ఇరవై తేడాతో కాకుండా, అడ్డం ఐదొందలు, నిలువు యాభై. కన్నాలు అడ్డంగా మూరెడు దూరాన పడాలి. ఒకదాని కింద ఒకటి నిచ్చెనలా నిలబడ్డాయి. మూడు ఆర్గ్యుమెంట్లు ఇచ్చి చూశాను. టూ ఫ్యూ అంది, ఎప్పటిలాగే. అడిగేవి నాలుగే. మూడో చోటూ నాలుగో చోటూ మాత్రం ఒకదాని స్థానంలోకి ఒకటి వెళ్లాయి. రెండూ అంకెలే. తిట్టడానికి దానికి కారణమేముంది?

నిలబడే లెక్క కట్టాను. లిస్ప్‌లో ఒకసారి ఎక్కిన ఫంక్షన్, సాఫ్ట్‌వేర్ మూసేదాకా ఆ కంప్యూటర్లో అలాగే ఉంటుంది. తర్వాత ఫైలు మార్చినా దానికి తెలియదు. మేం రోజూ సాయంత్రం ఆపి పొద్దున్న తెరుస్తాం, మాకు ఎప్పటికప్పుడు కొత్తది ఎక్కుతుంది. ప్లాటర్ కంప్యూటర్ తెరిచింది ఆ వారంలో. అంటే ఆ వారం ఫైల్లో వరస మారి ఉంది. ఆ తర్వాత నాకు మళ్లీ ప్లేట్ల పని రాక అది బయటపడలేదు. సోమవారం ఫోనొచ్చాక మళ్లీ యథాస్థానానికి వచ్చింది. పాస్‌వర్డు ఒకరి దగ్గరే ఉంది.

మార్చడం తప్పు కాదు. ఆ వారం ఇంకో పనికి వచ్చిన కొలతల పట్టికలో నిలువు ముందు, అడ్డం తర్వాత ఉంది. దానికి తగ్గట్టు మార్చుకుని ఉంటాడు, నాకు చెప్పడం మర్చిపోయి ఉంటాడు. మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. వెనక్కి మార్చేటప్పుడు మాత్రం మర్చిపోలేదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. యజమాని గది పది అడుగుల దూరంలో ఉంది. ఎవరినైనా కేకేసి చూపించొచ్చు. నా పక్కనే ఉన్న మిషను ప్రింట్లు తీయడం తప్ప ఇంకే పనీ ఎరగదు, వేడెక్కి సిద్ధంగా కూడా ఉంది. ఒక్క బటన్ నొక్కితే చాలు, రుజువు మూరెడు కాగితం మీద వచ్చేది. అది కూడా నాకు తోచలేదు. టాటానగర్ తెలుగువాళ్ల ఇళ్లల్లో పెరిగినవాడికి తోచేది ఒకటే: మనవాళ్ల విషయం ముందు మనవాళ్లకే చెప్పాలి, బయటివాళ్ల ముందు పెట్టకూడదు. రైల్వే క్వార్టర్లలో సైకిల్ పోయినా ముందు మన వరండాలో అందరినీ అడిగాకే పోలీసు దగ్గరికి వెళ్లేవారు. ఒక్కోసారి సైకిల్ మన వరండాలోనే దొరికేది.

వెళ్లి మావయ్యని పిలుచుకొచ్చాను.

"ఏటిరా? ప్లాటర్ మళ్లీ అలిగిందా?"

"మీరొకసారి ఇది చూడండి."

ఆయన ముందు కొట్టాను. ఐదొందలు, యాభై. నిచ్చెన నిలబడింది. ఆయన కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లకి బాగానే ఆనుతోందని నాకు అర్థమైంది.

"ఎవరికైనా సూపించేవా?"

"లేదు. ముందు మీకే."

"మంచి పని సేసేవు," అన్నాడు.

తర్వాత వంగి, బల్ల కిందున్న కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు ఒక క్షణం ఆగాడు.

"వేడెక్కిపోతంది," అన్నాడు. బటన్ నొక్కి పట్టుకున్నాడు. తెర నల్లబడింది.

ఆయన వెళ్లిపోయాక నేను దాన్ని మళ్లీ ఆన్ చేశాను. సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఫైలు కొత్తగా ఎక్కింది. అడ్డం ఐదొందలు, నిలువు యాభై. కన్నాలు అడ్డంగా, మూరెడు దూరాన, ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. ప్లాటర్ అలిగింది. ప్రింటు మర్నాడు బయట షాపులో తీయించారు.

గురువారం కంపెనీ ఇంజనీరు వచ్చాడు. నాకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. కాఫీ వద్దన్నాడు, బిస్కెట్ తీసుకున్నాడు. నేనూ మావయ్యా యజమానీ బల్లకి ఒకవైపు. తప్పు ఎలా జరిగిందని అడిగాడు. నేను మావయ్య వైపు చూశాను. ఆయన చెప్తాడని కాదు. నిజం చెప్పాలంటే చెప్తాడనే. అంత జరిగాక కూడా, పదిమందిలో అడిగితే అబద్ధానికి ఆయన నోరు తిరగదనుకున్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"లడ్కా హై, సర్," అన్నాడు. "సీఖ్ జాయేగా."

కుర్రాడండీ, నేర్చుకుంటాడు అని. నాకు ముప్పై నాలుగు. కణతల దగ్గర నెరిసింది. ఇంజనీరు నావైపు జాలిగా చూశాడు. అంత దయగా ఎవరూ నన్ను ముంచలేదు.

యజమాని కాగితం నా ముందుకి జరిపాడు. ఆర్గ్యుమెంట్లు, వరసలు, ప్లాటర్ గది, ఇవన్నీ చెప్పొచ్చు. చెప్తే, చూపించమంటారు. చూపిస్తే, కరెక్టుగా గీస్తుంది. ఇరవై ఏళ్ల సీనియర్ మీద ఆరేళ్ల కుర్రాడు నేరం మోపుతున్నాడు, అదీ తెర మీద తప్పు లేకుండా కనిపిస్తున్న ఫంక్షన్ని చూపించి. కాబట్టి నేను చేసింది మాత్రమే రాశాను: ఈ డ్రాయింగు నేను గీశాను, పంపే ముందు కొలతలు ఏది ఎటున్నదీ చూసుకోలేదు, చూసుకుని ఉండాల్సింది. అది నిజం. ఫంక్షన్ మావయ్యది కదా అని నేను చూడలేదు. ఆ ముక్క మాత్రం రాయలేదు, అడగలేదు కాబట్టి.

నెల తిరక్కుండా పేరు తీసేశారు.

ఒక ఆదివారం మావయ్య బారిడీహ్‌లో మా ఇంటికి వచ్చాడు. సమోసాలు తెచ్చాడు. మా అమ్మ ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి ఫ్యాను ఆయనవైపు తిప్పింది.

"మీరుండబట్టి సరిపోయింది అన్నయ్యగారూ," అంది. "లేపోతే ఆ మనుషులు ఈణ్ణి జైల్లో పెట్టుందురు."

"మరేటి చెల్లెమ్మా, మనోణ్ణి మనం సూసుకోపోతే ఎవరు సూత్తారు?"

నేను సమోసా తిన్నాను. బాగుంది.

నది అవతల మాంగోలో తనకి తెలిసినాయన ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టాడని, గేట్లూ మెట్లూ చిన్న షెడ్లూ చేస్తాడని, గీసేవాడు కావాలన్నాడని చెప్పి, అడ్రసు రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు. స్కూటర్ దాకా సాగనంపడానికి నేను కిందికి దిగాను. మెట్ల మలుపులో అడిగాను.

"ఎందుకు ఆపేశారు మావయ్యా?"

ఏది అని అడగలేదు. అందుకు నాకు ఇప్పటికీ కాస్త గౌరవం.

"రిటైరవడానికి నాకింక అయిదు నెల్లుందిరా," అన్నాడు. "జాబితాలో పేరు పోయిందంటే రేపొద్దున్న నన్నెవడు పిలుత్తాడు? నీకు ముందు పాతికేళ్ల సర్వీసుంది. నువ్వు లేచి నిలబడతావు. నేను నిలబడగల్నా?"

లెక్క తప్పు లేదు. నేను బీఎస్సీ, చూడగానే తెలిసింది. అయిదు నెలలవాడి బదులు పాతికేళ్లవాడు పోతే ఎక్కువ మిగులుతుందని ఎవరు కట్టినా అదే వస్తుంది.

"అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదా," అన్నాను.

ఆయన ఒక మెట్టు మీద ఆగాడు.

"ఉత్తరం నేనే రాసేవాణ్ణి," అన్నాను. "మీరొచ్చి, ఒరే ఇలా జరిగింది, నాకు వీలవదు, నువ్వు రాసియ్యి అంటే రాసేవాణ్ణి. సెయ్యి జారుంటాదిరా అన్నారు. రెండు రోజులు నేను నా చేతివైపు చూసుకుంటూ తిరిగాను."

ఆయన నోరు తెరిచాడు. కుర్రాళ్లు హిందీలో బదులిస్తే తిట్టే మనిషి, హిందీలోనే, మెల్లగా, "ఛోడో బేటా," అన్నాడు. వదిలెయ్ అని. స్కూటర్ రెండు తన్నులకి లేవలేదు. మూడోదానికి లేచింది. నేను వెనకనుంచి తోయలేదు. నా వైపు నుంచి జరిగిన ప్రతీకారం అంతే.

పైకొచ్చేసరికి అమ్మ ప్లేట్లు తీస్తోంది. "ఏటి ఆయనతో అంత సేపు?"

"కంప్యూటర్ సంగతి."

"ఆదివారం పూట కూడానా," అంది.

మాంగో వెళ్లకూడదనే అనుకున్నాను. పన్నెండు రోజులు అనుకున్నాను. పదమూడో రోజు ఆటో ఎక్కి సువర్ణరేఖ వంతెన దాటాను. షాపాయన రోడ్డు మీదే గేటు చట్రం పడుకోబెట్టి వెల్డింగ్ చేయిస్తున్నాడు. వెనక గదిలో ఒక కంప్యూటర్, ఒక కుర్చీ, పచ్చి పెయింటు వాసన. నేను గీసినవి రెండు చూశాడు, నచ్చాయన్నాడు, రేపట్నుంచి రమ్మన్నాడు. ఆరేళ్ల తర్వాత మళ్లీ మొదటి రోజు. చెడ్డగా ఏమీ లేదు.

నాలుగు నెలలు గడిచాక నేను గీసిన మెట్ల డ్రాయింగు చేతిలో పట్టుకుని వచ్చాడు. వచ్చే నెల నుంచి సరిచూడటానికి ఒక పెద్దాయన్ని పెట్టుకుంటున్నానని హిందీలో చెప్పాడు. రిటైరై ఖాళీగా ఉంటాడట, చాలా అనుభవమట, నన్ను ఇక్కడికి పంపింది కూడా ఆయనే కదట.

"తుమ్ తో ఉన్కే సాథ్ కామ్ కియే హో. చెకింగ్ మే కైసే హై?"

ఆయనతో పనిచేశావు కదా, సరిచూడటంలో ఎలాంటివాడు అని. బయట వెల్డింగ్ ఆగింది. సమాధానం వినడానికి ఆగినట్టు ఆగింది గానీ, వాళ్లు రాడ్డు మార్చుకుంటున్నారు.

అయిదు నెలలు దాటాక కూడా ఆయనకి ఒక చోటు కావాలి. ఆ చోటు నేనున్న చోటే. మెట్ల మీద నాతో చెప్పని సంగతి అది. ఇప్పుడు నేను ఒక్క ముక్క చెప్తే పోతుంది. చెప్పకపోతే వచ్చే నెల నుంచి నా డ్రాయింగుల కింద మళ్లీ ఆ సంతకం.

"పని బాగా తెలుసు," అన్నాను హిందీలో. "ఆయన చూశాక, మీరు కూడా ఒకసారి చూసుకోండి."

షాపాయన నవ్వాడు. నేను హాస్యగాణ్ణని చేరిన వారంలోనే పేరొచ్చింది. నేను నవ్వకపోవడం చూసి కాసేపటికి ఆపేశాడు. చేతిలో ఉన్న డ్రాయింగు బల్ల మీద పరిచి, జేబులోంచి టేపు తీసి, గుమ్మం పక్కన అప్పటికే వెల్డింగ్ అయి ఉన్న మొదటి మెట్టుకి పట్టి కొలవడం మొదలుపెట్టాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్నాను.